రెండంకెల పొదుపు

వైటూకే అన్నది అమెరికా కంపెనీలూ కన్సల్టెంట్లూ కలిసి ఆడిన పెద్ద నాటకమనీ, 2000 జనవరి 1న ఆకాశం విరిగి మీద పడకపోవడమే అందుకు తిరుగులేని రుజువనీ ఆ మధ్య చిక్కడపల్లిలో జరిగిన ఒక చర్చాగోష్ఠిలో ఒక మిత్రుడు ప్రకటించాడు. సభలో నవ్వులు లేచాయి. నేను నవ్వలేకపోయాను. ఎంచేతనంటే సరిగ్గా ఆ మాటే, ఇంకా కొంచెం ఘాటుగా, 1999లో నేనూ అన్నాను. నారాయణగూడ ప్రాంతంలోని ఒక కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ, కంప్యూటరు మీట నొక్కి ఎరగకుండానే దాని జాతకం చెప్పేసిన ఘనుణ్ణి నేను.

చరిత్ర చెప్పుకు బతికేవాడు ఏమీ జరగలేదు గనుక ఏమీ లేదని తీర్మానించడం ఎంత చరిత్ర విరుద్ధమో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఒక వూరికి కలరా రాలేదంటే కలరా అన్నది పుకారైనా కావాలి, లేదా ఎవరో పూనుకొని బావి శుభ్రం చేసైనా వుండాలి. రెండో సంగతి విచారించకుండా మొదటిదాన్ని తేల్చెయ్యడం విమర్శ అనిపించుకోదు. ఈ వ్యాసం కొంత ఆత్మవిమర్శ. కొంత, బావి శుభ్రం చేసినవాళ్ల వృత్తాంతం. వాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లు. వాళ్లు తిరిగిన వీధులు ఈ నారాయణగూడ, అశోక్‌నగర్, అమీర్‌పేట వీధులే. కనుక ఈ చరిత్ర ఇంకెవరో రాస్తారని మనం కూర్చోవడానికి వీల్లేదు.

ముందు జబ్బు సంగతి. కంప్యూటరు విద్య తెలిసిన పాఠకులు ఈ నాలుగు మాటలూ దాటిపోవచ్చు. 1950లలో, 60లలో అమెరికాలోని బ్యాంకులూ బీమా కంపెనీలూ ప్రభుత్వ శాఖలూ తమ లెక్కలను చిల్లులు పొడిచిన అట్టల మీద, అంటే పంచ్ కార్డుల మీద వుంచేవి. ఒక్కో కార్డుకు 80 నిలువు గడులు. ఒక మనిషి పేరు, ఖాతా నంబరు, జీతం, బాకీ, అన్నీ ఆ 80 గడుల్లో ఇమడాలి. తేదీకి ఎనిమిది గడులకు బదులు ఆరే ఇస్తే రెండు గడులు మిగులుతాయి. 1965 అని రాసేచోట 65 అని రాస్తే ఏం పోయింది? ముందున్న 19 అందరికీ తెలిసిందే గదా! కార్డులు పోయి అయస్కాంతపు టేపులు వచ్చాక కూడా జ్ఞాపకశక్తి, అంటే యంత్రానికుండే మెమరీ, మహా ఖరీదైన సరుకుగానే వుండిపోయింది. లక్షల ఖాతాల మీద రెండేసి గడులంటే చిన్న పొదుపు కాదు. ఆనాటికి అది తెలివైన పనేనని ఒప్పుకోవాలి. రాసినవాళ్లు తమ ప్రోగ్రాములు ఐదారేళ్లు బతికితే గొప్ప అనుకున్నారు. అవి ముప్పై ఏళ్లు బతికాయి.

యంత్రానికి మాత్రం 19 సంగతి తెలియదు. 1935లో పుట్టినవాడి వయసెంత అని 2000లో అడిగితే, 00 లోంచి 35 తీసేసి మైనస్ ముప్పై ఐదు అంటుంది. వడ్డీ, పింఛను, బీమా, మందుల గడువు, అన్నీ ఈ తీసివేత మీదనే నిలబడి వున్నాయి. 1992లో మిన్నెసోటా రాష్ట్రంలో 104 ఏళ్ల వృద్ధురాలికి శిశుపాఠశాలలో చేరమని పిలుపు వచ్చింది. పుట్టింది 88లో, ఇప్పుడు 92, కనుక నాలుగేళ్ల పిల్ల! నవ్వుకోవడానికి బాగానే వుంటుంది గాని, అదే లెక్కతో ఆమె పింఛను ఆగిపోతే నవ్వు రాదు.

ఈ సంగతి ముందుగా ఎవరికీ తట్టలేదనుకుంటే పొరపాటు. బాబ్ బెమర్ అనే ప్రోగ్రామరు 1950ల చివర వంశవృక్షాల లెక్క యంత్రానికి ఎక్కించే పనిలో దీన్ని గుర్తించాడు. మూడు నాలుగు శతాబ్దాల తాతముత్తాతలను ఒక్కచోట పెట్టబోయినవాడికి 65 అంటే ఏ 65 అనే ప్రశ్న రాక తప్పదు. అతను 1971లో హెచ్చరిక అచ్చు వేయించాడు, వినేవాడు లేకపోయాడు. 1993లో పీటర్ డి జేగర్ మళ్లీ గొంతెత్తిన తర్వాత గాని కంపెనీలు కదలలేదు. ఆలస్యానికి కారణం అజ్ఞానం కాదు. ఈ ఏడు ఖర్చు పెడితే ఈ ఏటి లాభం తగ్గుతుంది, ప్రమాదం వచ్చేనాటికి ఆ కుర్చీలో వేరొకడు వుంటాడు. రెండంకెల పొదుపు తాలూకు లాభం ఒక తరం యజమానులు తీసుకున్నారు, బాకీ తర్వాతి వాళ్ల నెత్తిన పెట్టారు. పెట్టుబడికి కాలంతో వున్న సంబంధమే ఇలాంటిది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన ఇంటి సంగతి చూసుకుందాం. తేదీని కుదించి రాసుకోవడం అమెరికావాళ్లు కనిపెట్టింది కాదు. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే మన అరవై సంవత్సరాల చక్రం ఏమిటి? మా నాయనమ్మ వికృతి సంవత్సరంలో పుట్టానని చెప్పేది. వికృతి అంటే 1890 కావచ్చు, 1950 కావచ్చు, 1830 కావచ్చు. ఆమె మా ఎదుట మంచం మీద కూర్చొని వక్క నములుతున్నంత కాలం సందేహమే లేదు. ఆమె పోయిన తర్వాత, ఆమెను చూసినవాళ్లూ పోయిన తర్వాత, 'వికృతి' అన్న ఒక్క మాట దొరికిన మనిషికి ఏ వికృతో ఎలా తెలుస్తుంది? అమెరికా కార్డుది నూరేళ్ల చక్రం, మన పంచాంగానిది అరవై ఏళ్ల చక్రం. జబ్బు ఒక్కటే. శతాబ్దం మనిషి మనసులో వుండిపోయింది, రాతలోకి రాలేదు. (1999 ఉగాదితో వచ్చిన ఏడు పేరు ప్రమాది. ఆ పేరు పట్టుకొని మన జ్యోతిష్కులు చేసిన హడావిడి పీటర్ డి జేగర్ కూడా చేసి వుండడు.)

అయితే మన పూర్వులకు ఈ జబ్బు తెలుసు, మందూ తెలుసు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుని శాసనం వుంది. దాని తేదీ చూడండి: శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. శనివారాన్ని ఆ రోజుల్లో వడ్డవారమనేవారు. చిత్రభాను అని ఒక్కటే రాసి వుంటే అది ఏ అరవైలోదో తెలిసేది కాదు. శకవర్షం ఇవ్వడంతో చక్రం తెగి గీత అయింది. తిథి, వారం కూడా ఇవ్వడం వల్ల ఇంకో మేలు జరిగింది. చెక్కినవాడు ఒక అంకె తప్పు చెక్కినా, రాయి పెచ్చు లేచి ఒక అంకె పోయినా, మిగతావాటితో సరిచూసుకోవచ్చు. పండితులు దీన్ని పాత జూలియన్ లెక్కలో 1163 జనవరి 19గా నిర్ణయించారు. నేను కాగితం మీద వేసి చూశాను. ఆ రోజు శనివారమే అయింది. ఎనిమిది వందల అరవై ఏళ్ల కిందటి లేఖకుడు నాకూ అతనికీ మధ్య ఒక్క మనిషి సాక్ష్యం కూడా అవసరం లేకుండా తేదీని నా చేతికి అందించాడు. రాజుగారి దానధర్మాలను పొగిడే ఆ పద్యాల మీద నాకు భక్తి లేదు. ఆ తేదీ రాసిన పద్ధతి మీద మాత్రం వుంది.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కూడా మన గడప దగ్గరే వుంది. నిజాం రాజ్యంలో సర్కారు కాగితాలు ఫసలీ లెక్కలో నడిచేవి. ఫసల్ అంటే పంట. పన్ను పంట మీద వస్తుంది గనుక ప్రభువుల కాలం కూడా పంటతోనే మొదలవుతుంది. ఆజూర్‌తో ఆరంభమయ్యే పారసీ నెలలు, మనకు అక్టోబరులో కొత్త ఏడు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, నెలను బట్టి ఒకటి ఎక్కువ. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి మరుసటి అక్టోబరు దాకా. ఆ ఏడు తెలంగాణలో ఎలాంటి ఏడో ఈ పుటల పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పాత దస్తావేజు మీద ఎవరో గుమాస్తా సంవత్సరం అంతా రాయడానికి బద్ధకించి '57' అని గీసి వదిలాడనుకోండి. అది 1357 ఫసలీనా, 1957నా? ఒకటి 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టానికి ముందు, ఒకటి తర్వాత. రక్షిత కౌలుదారు హక్కు పుట్టింది ఆ చట్టంతోనే. గుమాస్తా మిగిల్చిన రెండంకెల సిరా ఖరీదు ఒక కుటుంబపు నాలుగెకరాలు కావచ్చు. తేదీ సగం రాయడం వల్ల నష్టపోయేది ఎప్పుడూ తేదీ రాసినవాడు కాడు.

ఇక మన హైదరాబాదు వైటూకే కథకు వద్దాం. ఈ నగరంలో యంత్రాలు చేసే చేతులు లేక కాదు. 1967లో ఇక్కడ ఏర్పడిన ఇసిఐఎల్, ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటరును 1969 నాటికే బయటికి తెచ్చింది. 1978లో ఐబిఎం దేశం విడిచి పోయినప్పుడు దాని పాత యంత్రాల పోషణ బాధ్యతను ప్రభుత్వరంగ సంస్థ సిఎంసి నెత్తికెత్తుకుంది. అదే సంస్థ 1980ల మధ్యలో రైల్వే రిజర్వేషన్ల వ్యవస్థను నిర్మించి చూపింది. అంటే స్వంతంగా కట్టగలిగిన జనం ఇక్కడ వున్నారు. కాని 1990లలో ప్రపంచ మార్కెట్టు ఈ నగరాన్ని పిలిచింది కట్టడానికి కాదు, పాత ఇంటి మరమ్మతుకు.

మరమ్మతు అంటే కోబాల్. 1959–60లో పుట్టిన ఆ భాషను అమెరికా యువకులు చదవడం మానేశారు. ఆ భాషలో రాసిన కోట్ల పంక్తులు మాత్రం బ్యాంకుల్లో ఇంకా బతికే వున్నాయి. మన దగ్గర అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కలా, ఇటు నారాయణగూడ, హిమాయత్‌నగర్ మేడల మీదా 'మెయిన్‌ఫ్రేమ్' అని బోర్డులు లేచాయి. నిన్నటిదాకా టైపూ షార్ట్‌హాండూ నేర్పిన గదులే కొన్ని. అసలు యంత్రం కంటికి కనపడకుండా, జిరాక్సు కాగితాల మీద కోబాల్ నేర్చుకున్న పిల్లలను నేనెరుగుదును.

వారిలో ఒకతను మా కళాశాలలో బి.ఎస్సీ. చదివాడు. నల్లగొండ జిల్లా కుర్రాడు. అందరికీ తప్పనిసరి అయిన భారతీయ వారసత్వం–సంస్కృతి క్లాసులో నా ఎదుట కూర్చునేవాడు. తర్వాత ఉస్మానియాలో ఎం.సి.ఎ. చేసి, అశోక్‌నగర్‌లో ముగ్గురితో కలిసి ఒక గదిలో వుంటూ, తండ్రి రెండెకరాల చెలక తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో మెయిన్‌ఫ్రేమ్ కోర్సులో చేరాడు. 1998లో ఒక కన్సల్టెన్సీ అతన్ని న్యూజెర్సీకి పంపింది. వెళ్లేముందు కనపడి చెప్పి పోదామని వచ్చాడు. అప్పుడే నేను, ఇదంతా మోసమోయ్, నీ శ్రమను కొనుక్కోవడానికి వేసిన ఎర అని ఉపన్యసించాను. "శ్రమను కొంటున్నారనేది నిజమే సార్. పని వున్నదనేది కూడా నిజమే" అన్నాడతను. ఆ రెండో వాక్యం అప్పుడు నా చెవికెక్కలేదు.

ఆ యేడు అమెరికా చట్టసభ హెచ్-1బి వీసాల సంఖ్యను ఏడాదికి 65,000 నుంచి 1,15,000కు పెంచింది. 2000లో 1,95,000 చేసింది. ఆ కాలంలో మంజూరైనవాటిలో నూటికి నలభైకి పైగా మన దేశంవాళ్లవే. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించాడు. పత్రికల నిండా ఆ భవనం ఫొటో. అశోక్‌నగర్ గదిలో వున్న ముగ్గురి ఫొటో ఎవరూ వెయ్యలేదు.

అక్కడ వాళ్లు చేసిన పని ఏమిటి? 2001లో అతను తిరిగి వచ్చిన తర్వాత, నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్లో కూర్చొని, బస్సు టిక్కెట్టు వెనక గీసి నాకు చెప్పాడు. మొదటి పని తేదీలను వెతకడం. లక్షల పంక్తుల ప్రోగ్రాములో తేదీకి తేదీ అనే పేరు వుంటే సుఖమే. రాసినవాడు దానికి తన ఇష్టం వచ్చిన పేరు పెట్టి వుంటాడు, ఎక్కడో ఖాతా నంబరు మధ్యలో ఇరికించి వుంటాడు. రాసినవాడు రిటైరయ్యాడు, లేదా పోయాడు. కాగితాలు లేవు. కనుక ప్రతి ఆరు గడుల అంకెనూ అనుమానించాలి. రెండో పని సరిచెయ్యడం. మూడోది, ఎక్కువ కాలం పట్టేది, పరీక్షించడం: యంత్రం గడియారాన్ని ముందుకు తిప్పి, 1999 డిసెంబరు 31 నుంచి జనవరి 1కి, ఫిబ్రవరి 28 నుంచి 29కి నడిపించి చూడడం. నూరుతో భాగించబడే ఏడు లీపు సంవత్సరం కాదని సగం సూత్రం గుర్తుపెట్టుకున్న ప్రోగ్రామర్లు 2000 ఫిబ్రవరిలో 29వ తేదీని ఎత్తేశారు. నాలుగు వందలతో భాగించబడితే అవుతుందనే మిగతా సగం వాళ్లు మరిచారు. చేసే పని రాత్రిపూట, బ్యాంకు యంత్రం ఖాళీగా వున్నప్పుడు. అది పురాలేఖన శాస్త్రం లాంటి పని అని నాకు అప్పుడు తోచింది. చెరిగిన శాసనం చదివే పరబ్రహ్మ శాస్త్రిగారి లాంటి పండితులకు మనం శాలువాలు కప్పుతాం. వీళ్లకు గంటల లెక్కన కూలి కట్టారు, అందులోంచి ఏజెంటు తన వాటా కోసుకున్నాడు.

సరిచెయ్యడం అన్నాను. అందులోనే అసలు కిటుకు వుంది. సరైన మార్గం ప్రతి తేదీనీ ఆరు గడుల నుంచి ఎనిమిదికి పెంచడం. అలా చెయ్యాలంటే నిలవ వున్న సమాచారమంతా తిరగరాయాలి. దాన్ని ముట్టుకునే ప్రతి ప్రోగ్రామునూ మార్చాలి. ఖర్చు, కాలం. చవక మార్గం ఇంకొకటి వుంది. 'విండో' అన్నారు దాన్ని, కిటికీ. తేదీ రెండంకెల్లోనే వుండనిచ్చి, ఒక గీత గీస్తారు. గీత 30 దగ్గర వుందనుకోండి: 00 నుంచి 29 దాకా కనబడితే 2000 అని చదువు, 30 నుంచి 99 దాకా కనబడితే 1900 అని చదువు. నాలుగు పంక్తుల్లో పని తీరుతుంది. కంపెనీలు ఎక్కువగా దీన్నే ఎంచుకున్నాయి. ఎక్సెల్ పట్టిక కూడా చాలాకాలం ఇదే గీతతో నడిచింది. మరి 2030 వచ్చినప్పుడు? అది 1930 అవుతుంది.

"మేం బాగుచెయ్యలేదు సార్, వాయిదా వేశాం" అన్నాడతను. "30 అని పెట్టమన్నారు, పెట్టాం. పక్క వింగులో వాళ్లు 20 అని పెట్టారు. ఎందుకని అడిగితే, అప్పటికి ఈ ప్రోగ్రాము వుండదన్నారు." 1965లో రెండు గడులు మిగిల్చినవాడు కూడా సరిగ్గా ఆ మాటే అనుకున్నాడని నేను పైన రాశాను.

2000 జనవరి 1 వచ్చింది, పోయింది. అమెరికా గూఢచారి ఉపగ్రహాల సమాచారాన్ని విడదీసే కేంద్రం కొన్ని రోజులు మూగబోయింది. జపానులో అణువిద్యుత్ కేంద్రం దగ్గర రేడియేషన్ కొలిచే పరికరం మొరాయించింది. ఇంగ్లండులో షెఫీల్డ్ కేంద్రంగా జరిగిన ఒక పరీక్షలో తల్లి వయసు లెక్క తప్పి, నూటయాభైకి పైగా గర్భిణులకు తప్పుడు ఫలితాలు వెళ్లాయి. ఆ తప్పు నెలల తరబడి ఎవరి కంటా పడలేదు. విమానాలు కూలలేదు, బ్యాంకులు మూతపడలేదు. ప్రపంచం మొత్తం మీద 300 నుంచి 600 బిలియన్ డాలర్లు ఖర్చవుతుందని గార్ట్‌నర్ సంస్థ అంచనా వేసింది. అంత డబ్బు పోసి ఏమీ జరగకపోతే ఎవరికైనా మోసపోయామనే అనిపిస్తుంది.

నా మిత్రుడి వాదంలో సత్యం లేదని నేననను. భయాన్ని అమ్ముకున్న కన్సల్టెంట్లు వున్నారు. ఇటలీ, దక్షిణ కొరియా లాంటి దేశాలు అంతగా శ్రమపడకుండానే గట్టెక్కాయన్నదీ వాస్తవమే. అయితే ఆ దేశాలు వాడిన యంత్రాలూ ప్రోగ్రాములూ చాలా మటుకు ఇతర చోట్ల సరిచేయబడి వచ్చినవే. పక్క వూరివాళ్లు చెరువు గట్టు వేసుకుంటే మన పొలమూ మునగలేదు. అంతమాత్రాన గట్టు దండగ అనగలమా? మరమ్మతు శ్రమకున్న శాపం ఇది. కట్టినవాడి పేరు శిలాఫలకం మీద వుంటుంది. కూలకుండా చూసినవాడు విజయవంతమైనకొద్దీ కనపడకుండా పోతాడు. ఇంట్లో ఆడవాళ్ల పనీ, మున్సిపాలిటీలో సఫాయి కార్మికుల పనీ ఈ కోవలోవే. శ్రమను గురించి ఇంత మాట్లాడే మనం, 1999లో ఈ శ్రమను గుర్తుపట్టలేకపోవడం చిన్న తప్పు కాదు.

కనపడని వాళ్లను వదిలించుకోవడం కూడా సులువే. 2001లో అమెరికా మార్కెట్టు పడిపోగానే మొదట రోడ్డున పడ్డది వీళ్లు. పని లేని రోజులకు 'బెంచి' అని పేరు. కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టడమని అర్థం. వీసా కంపెనీ చేతిలో వుంటుంది గనుక నోరెత్తడానికి లేదు. షియాంగ్ బియావో అనే చైనా మానవశాస్త్రజ్ఞుడు హైదరాబాదులోనూ సిడ్నీలోనూ తెలుగు ప్రోగ్రామర్ల మధ్య తిరిగి, ఈ 'బాడీ షాపింగ్' వ్యవస్థ మీద 2007లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఏజెంటు మీద ఏజెంటు, కోస్తా వ్యవసాయ మిగులు, కట్నం, వీసా, ఇవన్నీ ఒకే గొలుసులో లంకెలని అందులో చూపించాడు. మన నగరపు ఈ కథను విపులంగా రాయడానికి చైనావాడు రావలసి వచ్చింది. ఆ గ్రంథం చదివినప్పుడు నాకు కలిగింది సంతోషమా సిగ్గా అని అడిగితే, రెండూ అంటాను.

వాయిదా వేసిన బాకీలు వరసగా తలుపు తడుతున్నాయి. 2020 జనవరి మొదటి రోజుల్లో న్యూయార్క్ నగరంలో పార్కింగ్ మీటర్లు కార్డులు తీసుకోవడం మానేశాయి. ఆ ఏటితో ముగిసేలా పెట్టిన గడువును మార్చడం ఎవరికీ గుర్తు లేదు. ఇవన్నీ చిల్లర బాకీలు. పెద్దది ముందుంది.

యూనిక్స్ అనే వ్యవస్థ 1970 ప్రాంతంలో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పుట్టింది. అది తేదీని రెండంకెలుగా పెట్టదు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్క పెడుతుంది. చక్రం కాదు, గీత. మన శకవర్షం లాంటిదే. (మొదట్లో సెకనులో అరవయ్యో వంతు చొప్పున లెక్కపెట్టారు, ఆ లెక్కన రెండేళ్ల పైచిల్లరకే గడులు నిండిపోతాయని తెలుసుకొని నాలిక కరుచుకున్నారు.) అయితే ఆ అంకెను దాచడానికి ఇచ్చింది 32 బిట్ల చోటు. అందులో ఒకటి ప్లస్సా మైనస్సా అన్నదానికి పోతుంది. మిగిలినచోట పట్టే పెద్ద అంకె 2,14,74,83,647. అన్ని సెకన్లు 2038 జనవరి 19న మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు పూర్తవుతాయి. రుద్రదేవుని శాసనం తేదీ కూడా జనవరి 19 కావడం ఉత్త కాకతాళీయం. మరుసటి సెకనుకు అంకె మైనస్‌లోకి తిరగబడి, యంత్రం గ్రీనిచ్ లెక్కన 1901 డిసెంబరు 13లోకి పోయి పడుతుంది. అప్పటికి సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెరిచి మూడు నెలలు దాటింది. అంతకుమించి ఆ తేదీలో మనకు పనికొచ్చేది ఏదీ లేదు.

మందు తెలిసిందే: 32 బదులు 64 బిట్లు. చోటు రెట్టింపు చేస్తే కాలం రెట్టింపు కాదు. 29 వేల కోట్ల సంవత్సరాలకు పైగా సరిపోతుంది. లైనక్స్ మూలంలో 2020లోనే ఆ మార్పు పూర్తయింది. డెబియన్ అనే స్వచ్ఛంద కార్యకర్తల సంఘం 2024లో తన వేలాది ప్రోగ్రాములను ఈ కొత్త లెక్కకు మళ్లీ కూర్చింది. లాభాపేక్ష లేని వాళ్లు పద్నాలుగేళ్లు ముందుగా ఆ పనికి దిగారని గమనించాలి. కాని గోడల్లో, మీటర్లలో, లిఫ్టుల్లో అమర్చి మరిచిపోయిన చిన్న యంత్రాల సంగతేమిటి? పాత పద్ధతిలోనే నిలవ చేసిన ఫైళ్ల సంగతేమిటి? గడువు 2038 దాకా ఆగుతుందనుకోవడం కూడా భ్రమే. ముందుకు చూసే లెక్క ముందుగానే పడిపోతుంది. 2006 మే నెలలో ఒక రకం వెబ్ సర్వర్లు ఉన్నట్టుండి కూలాయి. ఎందుకంటే వాటిలో ఎవరో 'ఎప్పటికీ' అనే అర్థంలో నూరు కోట్ల సెకన్ల గడువు పెట్టారు. ఆనాటి నుంచి నూరు కోట్ల సెకన్లు కలిపితే 2038 దాటుతుంది.

అంబర్‌పేటలో మా వీధి చివరే ఆ నల్లగొండ శిష్యుడు ఇప్పుడు వుంటున్నాడు. రెండెకరాలూ విడిపించుకున్నాడు. ఈ వ్యాసం రాసేముందు అతనికి చదివి వినిపించాను. కోబాల్ సంగతుల్లో రెండు తప్పులు దిద్దాడు. తర్వాత నన్ను వెంటబెట్టుకొని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దాకా నడిచాడు. అక్కడ చెట్ల కింద, మెట్ల మీద, గ్రూపు పరీక్షలకు చదువుకునే పిల్లలు ఎప్పటిలాగే కిటకిటలాడుతున్నారు. "వీళ్లలో 2002లో పుట్టినవాడికి ఉద్యోగమొస్తే ఎప్పుడు రిటైరవుతాడు సార్?" అన్నాడు. తెలంగాణలో 2021 నుంచి పదవీ విరమణ వయసు 61. అంటే 2063. ఇంక్రిమెంట్లు, భవిష్యనిధి, పింఛను, అన్నీ 2038 అవతల వుండే తేదీలే.

ప్రభుత్వోద్యోగి సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీని అంకెల్లోనూ రాయాలి, అక్షరాల్లోనూ రాయాలి. నేను చేరిన రోజున మా గుమాస్తా ఒత్తి ఒత్తి రాశాడు. ఎందుకయ్యా రెండుసార్లు అని నేను విసుక్కున్నాను. హనుమకొండ లేఖకుడు శకవర్షమూ సంవత్సర నామమూ పక్కపక్కనే ఎందుకు చెక్కాడో ఆ గుమాస్తాకు తెలిసి వుండదు, పని మాత్రం అదే చేశాడు. ఇప్పుడా రిజిస్టర్లు కంప్యూటర్లలోకి పోతున్నాయి. అక్కడ తేదీకి ఎన్ని గడులిచ్చారో టెండరు కాగితాల్లో అడిగి తెలుసుకోవచ్చునని నా శిష్యుడు మెట్ల మీద కూర్చున్న ఇద్దరికి చెప్పబోయాడు. వాళ్లు మర్యాదగా విన్నారు. మర్నాడు మాక్ టెస్టు వున్నదట; పుస్తకంలో వేలు పెట్టుకొనే విన్నారు.